పల్నాటి యుద్ధము: వెండితెర కథయు, ఎల్లల సీమ పాఠమును

తెలుగువారి వీరగాథలలో పల్నాటి కథకు సాటియైనది వేరొకటి లేదు. 12వ శతాబ్ది చివరి పాదమున కారెంపూడి చెంత నాగులేటి యొడ్డున జరిగిన దాయాదుల పోరు ఎనిమిదివందల ఏండ్లకు పైగా పాటగను, ద్విపదగను, నాటకముగను, తిరునాళ్ళగను నిలిచి, 20వ శతాబ్దియందు చలనచిత్రమైనది. ఒక మారు గాదు, రెండు మారులు. 1947లో ఒకటి, 1966లో వేరొకటి వెలువడినవి. రెండింటి పేరును ‘పల్నాటి యుద్ధం’.

ఈ చిత్రములను చూచినవారి మనస్సున సామాన్యముగా నిలుచు భావ మొక్కటే: శైవవైష్ణవ ద్వేషమువలన పల్నాడు పాడయ్యెనని. ఇందు ఎంత పాలు చరిత్ర, ఎంత పాలు కథకుల కల్పన, ఎంత పాలు చలనచిత్రమునకు సహజమైన క్లుప్తత యని విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువారికి ఈ విచారణ కేవలము పాండిత్య చర్చ కాదు. తమిళనాడు, కర్ణాటకము, ఆంధ్రప్రదేశము ఒకదాని నొకటి తాకుచోట, నాలుగు భాషలు ఒకే సంతలో వినవచ్చుచోట, భూమి తగవు మత తగవుగా ఎట్లు మారునో, మారిన పిదప దానిని వెనుకకు మరలించుట ఎంత కష్టమో ఎరుగుట అవసరము.

కథాసంగ్రహము

హైహయవంశజుడైన అనుగురాజు ఉత్తరదేశమునుండి వచ్చి, చందవోలు రాజధానిగా నేలిన వెలనాటి చోడుల యింటి ఆడపడుచు మైలమదేవిని పెండ్లాడి, పల్నాటి సీమను అరణముగా పొందెనని కథ చెప్పుచున్నది. మైలమదేవి కుమారుడు నలగామరాజు గురజాల నేలెను. సవతి కుమారుడు మలిదేవరాజు మాచెర్ల నేలెను. రేచెర్ల బ్రహ్మనాయుడు మొదట ఉభయుల తండ్రికి మంత్రి. పిదప మలిదేవుని పక్షము వహించెను. జిట్టగామాలపాటి నాగమ్మ నలగాముని కొలువున మంత్రిణియై ‘నాయకురాలు’ అను బిరుదమును సార్థకము చేసికొనెను. 12వ శతాబ్దిలో ఒక స్త్రీ రాజ్యతంత్రమును నడపుట అరుదైన సంగతి. ఆ ఒక్క కారణమున కైనను ఆమె పేరు చరిత్రలో నిలువదగినది.

కోడిపోరున ఓడిన మలిదేవుని పక్షమువారు పందెము చొప్పున ఏడేండ్లు మాచెర్లను విడిచి వలస పోయిరి. మండాదియందు వారు మందలతో విడిసియుండగా నాగమ్మ పంపిన బంట్లు మందపై బడిరి. పశువులు కూలెను, కాపరియైన లంకన్న ప్రాణములు కోల్పోయెను. గడువు తీరిన పిదప రాజ్యభాగమును అడుగుటకై నలగాముని అల్లుడగు అలరాజు రాయబారియై పోయి, విషప్రయోగమున మరణించెను. అతని భార్య పేరమ్మ సహగమనము చేసెను. ఆ మీద సంధికి చోటు లేకపోయెను. కారెంపూడి రణమున బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు, పెంపుడు కుమారుడును దండనాయకుడును అయిన మాల కన్నమదాసు మొదలగు వీరులు పోరిరి. ఉభయపక్షముల యోధులును కూలిరి. తుదకు బ్రహ్మనాయుడు గురజాల గద్దెను నలగామునికే విడిచి, గుత్తికొండ బిలమున ప్రవేశించెనని పల్నాటివారు చెప్పుకొందురు. ఇంత నెత్తురు చిందిన పిదప రాజ్యము ఎవనియొద్ద నుండెనో వానియొద్దనే నిలిచెను. ఈ కథలో మిక్కిలి విషాదకరమైన సంగతి ఇదియే.

కథకు ఆధారములు

ఈ కథ మొదట పాట. 15వ శతాబ్దివాడగు శ్రీనాథునికి పూర్వమే వీరవిద్యావంతులు దీనిని పాడుచుండిరి. ఓరుగంటి వీథులలో పల్నాటి వీరుల కథను ఒక స్త్రీ గానము చేయుటను ‘క్రీడాభిరామము’ వర్ణించుచున్నది. శ్రీనాథుని పేర ప్రచారమున నున్న ‘పల్నాటి వీరచరిత్ర’ మంజరీ ద్విపద. అందు బాలచంద్రుని యుద్ధఘట్టము ప్రసిద్ధము. అక్కిరాజు ఉమాకాంతము ఈ గ్రంథమును పరిష్కరించి ప్రకటించుటతో చదువుకొన్న వారికి పల్నాటి కథ అచ్చుపుస్తకముగా అందెను. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘నాయకురాలు’ అను నాటకమును రచించెను. అమెరికా దేశీయుడైన జీన్ రోగైర్ పల్నాటి సీమకు వచ్చి, అలిసెట్టి గాలెయ్య పాడిన కథను సేకరించి, ఆంగ్లమున కనువదించి, 1982లో గ్రంథముగా ప్రకటించెను. కావ్యపాఠమునకును పాటగాండ్ర పాఠమునకును నడుమ భేదము లెన్ని యున్నవో దానివలన స్పష్టపడినది.

యుద్ధకాలమును చరిత్రకారులు 1176–1182 నడుమ నిర్ణయించుచున్నారు. ఈ యుద్ధమునందు తీరాంధ్రపు సామంతులు పలువురు పాల్గొని బలహీనులైరనియు, వెలనాటి చోడుల ప్రాభవము సన్నగిల్లి కాకతీయుల విస్తరణకు మార్గము సుగమమయ్యెననియు వారి యభిప్రాయము. కథలోని సంగతులన్నియు చరిత్ర కాకపోవచ్చును. కాని యుద్ధము పట్టు కథ వెలుపలను గలదు.

రెండు చిత్రములు

1947 నాటి చిత్రమునకు దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మము. ఆయన పత్రికారంగమునుండి చలనచిత్ర రంగమునకు వచ్చినవాడు, ‘ప్రజామిత్ర’ సంపాదకుడు. 1938లో ‘మాలపిల్ల’ ద్వారా అస్పృశ్యతను, 1939లో ‘రైతుబిడ్డ’ ద్వారా జమీందారీ పీడనను తెరపై నిలిపి, పురాణకథలే చిత్రములను అభిప్రాయమును మార్చెను. పల్నాటి కథను ఆయన ఏల ఎన్నుకొనెనో ఆ రెండు చిత్రములే చెప్పును. కులభేదమును త్రోసిపుచ్చి, మాల కులజుని కుమారునిగా చేకొన్న బ్రహ్మనాయునియందు సంస్కర్తకు కావలసిన నాయకుడు దొరకెను. చిత్రము పూర్తి కాకమునుపే 1946లో రామబ్రహ్మము మరణించెను. మిగిలిన భాగమును ఎల్. వి. ప్రసాద్ పూర్తిచేసెను. బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావు, నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రుడుగా అప్పటికి ఇరువది మూడేండ్లయినను నిండని అక్కినేని నాగేశ్వరరావు నటించిరి. సంగీతము గాలిపెంచల నరసింహారావుది.

1966 నాటి చిత్రమునకు గుత్తా రామినీడు దర్శకుడు. నందమూరి తారకరామారావు బ్రహ్మనాయుడుగను, భానుమతి నాగమ్మగను నటించిరి. 1957లో ‘మాయాబజార్’ మొదలుకొని కృష్ణపాత్రకు తారకరామారావే యని ప్రేక్షకులు నిశ్చయించుకొని యుండిరి. పల్నాటి పాటలో బ్రహ్మనాయుడు విష్ణ్వంశసంభూతుడు. కావున కృష్ణుడుగా చూచిన ముఖమును బ్రహ్మనాయుడుగా చూచినప్పుడు పాటగాండ్రు మాటలతో చెప్పిన అవతారభావమును నటుని ముఖమే చెప్పినట్లయినది. ఇది చిత్రమునకు బలము. అయితే ఎదుటి పక్షమునకు ఇందువలన న్యాయము తగ్గెను; దేవునితో తగవుపడినది ఎవరైనను ప్రేక్షకుని దృష్టిలో దోషియే.

రెండు చిత్రములకును నడుమ పందొమ్మిదేండ్ల యెడ మున్నది. ఆ కాలమున దేశమే మారెను. మొదటి చిత్రము నిర్మాణమున నున్న 1946లో కలకత్తా, నౌఖాలీలందు మతకలహములు చెలరేగెను. అది వెలువడిన 1947లో దేశము స్వతంత్రమై, చీలినది. ఆనాటి ప్రేక్షకుడు తెరపై శైవవైష్ణవ కలహమును చూచుచు, పత్రికలలో చదువుచున్న వేరొక కలహమును తలపకుండుట అసంభవము. రెండవ చిత్రము నాటికి 1953లో ఆంధ్రరాష్ట్రమును, 1956లో ఆంధ్రప్రదేశమును ఏర్పడినవి. భాష చొప్పున ఎల్లలు గీయబడినవి. దాయభాగపు కథకు అప్పుడు వేరొక అర్థము వచ్చినది.

చలనచిత్రము కథను ఎట్లు కుదించును?

వీరవిద్యావంతుల పాట రాత్రుల కొలది సాగును. అందు ఒక కారణము కాదు, కారణముల వరుస గలదు: సవతి బిడ్డల వాటా, మంత్రుల పోటీ, కోడిపందెము, మందపోటు, రాయబారి మరణము, సహగమనము, పగ. ఒక్కొక్కటి వెనుకటిదానికి సమాధానముగా వచ్చును. ఏ ఒక్కదానియొద్ద ఆగినను యుద్ధము తప్పియుండునని శ్రోతకు తోచును; కాని ఏ ఒక్కదానియొద్దను ఎవరును ఆగరు.

చలనచిత్రమునకు రెండు మూడు గంటల వ్యవధి మాత్రమే. వరుసగా వచ్చు కారణములను అది ఇద్దరు వ్యక్తుల ముఖములలో చూపవలెను. కావున బ్రహ్మనాయుడు ఒక వైపు, నాగమ్మ ఒక వైపు నిలుతురు. తెరపై నుదుటి బొట్టును మించిన సాధనము లేదు. ఊర్ధ్వపుండ్రము, విభూతిరేఖలు కనబడిన క్షణముననే ఎవరు ఎవరివారో ప్రేక్షకుడు పోల్చుకొనును. దాయభాగమును వివరించుటకు పది మాటలు కావలెను. మతమును చూపుటకు ఒక గుర్తు చాలును. ఈ సౌకర్యమువలననే కథలో ఒక పాయగా నున్న మతభేదము చిత్రములో ప్రధాన ప్రవాహమైనట్లు తోచును.

అయినను నటుల గొప్పతనము ఈ క్లుప్తతను కొంత సరిదిద్దినది. కన్నాంబ గంభీరమైన వాచికము, భానుమతి తలయెత్తు తీరు నాగమ్మను కేవలము కుట్రలాడుదానిగా నిలువనీయలేదు. రాజ్యతంత్రము తెలిసిన స్త్రీ, తన ప్రభువునకు కట్టుబడిన మంత్రి తెరపై కనబడును. మగవాడైన మంత్రి చేసినచో చాణక్యనీతి యని మెచ్చుకొను పనులను ఆమె చేసినప్పుడు దుర్మార్గమని యనుట న్యాయమా యని ఆలోచించు ప్రేక్షకునికి ఆ నటీమణులే అవకాశ మొసగిరి.

ఆ కాలపు మతస్థితి

12వ శతాబ్ది దక్షిణదేశమున మతావేశము తీవ్రముగా నుండిన కాలము. కళ్యాణమున కలచురి బిజ్జలుని కాలమున బసవేశ్వరుడు వీరశైవోద్యమమును నడపెను. ఆంధ్రదేశమున శ్రీపతి, మల్లికార్జున, మంచన పండితులు శైవమును ప్రచారము చేసిరి. దక్షిణమున రామానుజాచార్యులు శ్రీవైష్ణవమునకు దృఢమైన పునాది వేసెను. చోళరాజు బాధకు తాళలేక ఆయన హొయసల దేశమునకు వెడలెనని వైష్ణవ సంప్రదాయము చెప్పును. ఇదే శతాబ్దిలో జరిగినట్లు చూపిన శైవవైష్ణవ ఘర్షణతో 2008లో తమిళమున ‘దశావతారం’ చిత్రము ఆరంభమగుటను హోసూరు సీమవారు ఎరుగుదురు. మతావేశము ఒక పక్షపు సొత్తు కాదనుటకు పాల్కురికి సోమనాథుని గ్రంథములును సాక్ష్యము. భక్తులు పరమతస్థులపై, విశేషించి జైనులపై, సలిపిన దౌర్జన్యములను అవి భక్తికి గుర్తుగా కీర్తించినవి.

కాని ఇచట ఒక సంగతి గమనింపదగినది. చిత్రమును చూచినవారికి వైష్ణవము సమత్వమునకును, శైవము మూఢాభిమానమునకును మారుపేరులుగా తోచును. చరిత్ర అట్లు చెప్పదు. కులభేదమును నిరసించుటలో బసవేశ్వరుని కళ్యాణము ఎవరికిని తీసిపోయినది కాదు. మాదిగ కులజుడైన హరళయ్య కుమారునికి, బ్రాహ్మణుడైన మధువరసు కుమార్తెకు జరిగిన వివాహమే ఆ నగరమున రక్తపాతమునకు కారణమయ్యెనని శరణుల సంప్రదాయము. అనగా పల్నాట చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడును, కళ్యాణమున కులము నెంచక పెండ్లి నామోదించిన శరణులును ఒకే శతాబ్దివారు, ఒకే సంస్కారమునకు చెందినవారు. ఒకరు విష్ణువు పేర, ఒకరు శివుని పేర ఆ పని చేసిరి. శత్రుత్వము సంస్కారమునకును ఛాందసమునకును నడుమగాని, శివునికిని విష్ణువునకును నడుమ కాదు.

పల్నాటి గాథయే ఈ మాటకు సాక్ష్యము. అందు మాచెర్ల చెన్నకేశవుడు గలడు. గ్రామదేవతయగు అంకమ్మయు, పోతురాజును గలరు. వీరులు ఒక్క మతపు ధ్వజము క్రింద నిలువలేదు. బ్రహ్మనాయుని పక్షమున వెలమలు, బ్రాహ్మణుడైన అనపోతు, మాల కన్నమదాసు మొదలుగా పలు కులములవారు గలరు. వారిని కలిపినది అన్నదమ్ములమను ప్రమాణము, ఒకే చాపపై తిన్న కూడు.

మందపోటు, వీరగల్లు

చిత్రములలో కోడిపోరునకు గల ప్రాముఖ్యము మందపోటునకు లేదు. హోసూరు, కృష్ణగిరి సీమలవారికి అర్థమగునది మాత్రము మందపోటే. పూర్వకాలమున ఎల్లల పోరనగా పశువులను పట్టుట, పట్టినవానిని అడ్డగించుట. సైన్యము సైన్యమును ఎదుర్కొనుటకు ముందు మంద పోవును, కాపరి చచ్చును. విరాటపర్వమున కౌరవులు యుద్ధమును గోగ్రహణముతోనే ఆరంభించిరి. పల్నాట మండాది మందపోటు అదే జాతికి చెందినది.

కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలలో పొలము గట్లపై, చెరువుల చెంత, గుడుల ముంగిట వీరగల్లులు విస్తారముగా నున్నవి. తమిళులు వీనిని నడుకల్లు లందురు. పల్లవ, గంగ, నొళంబ, చోళ ప్రభువుల కాలమునాటి శాసనములు వీనిపై గలవు. తమిళ శాసనములలో ‘తొఱు’ యనియు, కన్నడ శాసనములలో ‘తుఱు’ యనియు కనబడు మాట ఆలమందకు పేరు. మందను కొన వచ్చినవారితో పోరి పడినవాడు, లేక మందను మరలించి పడినవాడు – ఇదియే పెక్కు రాళ్ళపై నున్న కథ. పలు అంతస్తులుగా చెక్కిన కొన్ని రాళ్ళలో క్రింది భాగమున పోరు, నడుమ వీరుని కొనిపోవు అప్సరసలు, పైభాగమున స్వర్గమున వీరుడు కనబడుదురు.

ఈ రాళ్ళవలన తెలియు సంగతి పల్నాటి కథను చదువుటకు మిక్కిలి తోడ్పడును. వీరుడు ఏ మతమువాడను ప్రశ్నకు ఈ శాసనములలో ప్రాధాన్యము లేదు. ఏ రాజు పాలనలో, ఏ యూరి మందకై, ఎవనితో పోరి పడెనో చెప్పును. చెక్కించినవాడు ఆ యూరివాడు. అతనికి తెలిసిన కారణము మంద. శత్రువు మతమును గూర్చిన నింద తరువాతి కాలపు కథకులు చేర్చునది. పోరు జరిగిన మరునాడు ఊరు రాతిపై వ్రాసికొన్న దానికిని, కొన్ని తరముల పిదప కవి చెప్పినదానికిని, ఎనిమిది శతాబ్దుల పిదప చిత్రము చూపినదానికిని నడుమ దూర మెంతో ఈ రాళ్ళు కొలిచి చెప్పుచున్నవి.

ఎల్లల సీమ

హోసూరు, కృష్ణగిరులు కూడ ఎల్ల మారిన కొలది పాలకులు మారిన ఊళ్ళు. 1792 శ్రీరంగపట్టణపు సంధితో టిప్పు సుల్తాను బారామహలును ఇంగ్లీషు కుంపిణీకి విడిచెను. కృష్ణగిరి కుంపిణీ పాలైనది, హోసూరు మైసూరు పాలననే నిలిచినది. 1799లో టిప్పు పతనమైన పిదప హోసూరును కుంపిణీవారి వశమయ్యెను. అనగా నేడు ఒకే జిల్లాలో నున్న ఈ రెండు ఊళ్ళు ఏడేండ్లు రెండు రాజ్యములలో నుండెను. నడుమ నున్న రాయకోట దుర్గము కావలి తావయ్యెను. పల్నాటివారి వలసయు ఏడేండ్లే. ఆ యుద్ధములందును గడ్డి, ధాన్యము, ఎడ్లు ఎవరివైనను సైన్యములకే పోయెను. 1791లో కారన్‌వాలిసు సైన్యము ఎడ్లు చచ్చి నిలిచిపోగా బంజారాల ఎద్దుమందలే దానికి ధాన్యము చేరవేసినవి. మైసూరు యుద్ధములను నేడు మతయుద్ధములుగా చెప్పువారు గలరు. దుర్గము క్రింది పల్లెలలోని రైతునకు అది తన ఎడ్లు పోయిన యుద్ధము.

1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు ఈ సీమ మద్రాసు రాష్ట్రమున నిలిచెను. 1960లో ఆంధ్ర, మద్రాసు రాష్ట్రముల ఎల్లలు సవరించినపుడు తిరుత్తణి ప్రాంతము మద్రాసునకును, చెంగల్పట్టు, సేలము జిల్లాల కొన్ని గ్రామములు ఆంధ్రకును మారినవి. 2004లో ధర్మపురినుండి కృష్ణగిరి జిల్లా వేరుపడెను. గీత లిన్నిమారులు మారినను సంతలు మారలేదు, వియ్యములు మారలేదు. హోసూరు చంద్రచూడేశ్వరుని తేరునాడు త్రాడు పట్టినవారి భాష ఏదని ఎవరును అడుగరు. ఇది చట్టమువలన వచ్చిన సామరస్యము కాదు. పలుమారులు ఎల్ల మారుటవలన కలిగిన అనుభవము.

అయితే ఈ అనుభవము తనంత తాను తరమునుండి తరమునకు చేరదు. 2006లో తమిళనాడున తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిదప తమిళము అందరికిని తప్పనిసరి పాఠ్యమైనది. తెలుగు పఠించుటకు చోటు తగ్గిన కొలది పల్నాటి కథ పిల్లలకు శ్రీనాథుని ద్విపద ద్వారా కాక చిత్రము ద్వారానే చేరును. చూచుట మంచిదే. కాని చిత్రమొక్కటే ఆధారమైనచో నాగమ్మ నుదుటి విభూతియే యుద్ధకారణముగా బాలుని మనస్సున నిలుచును. కావున చిత్రము చూపినవారు కథను గూడ చెప్పవలెను. కథ చెప్పినవారు ఊరి వెలుపలి వీరగల్లును గూడ చూపవలెను. ఈ మూడును కలిసినచో పాఠము పూర్తియగును.

చాపకూడు

పల్నాటి కథలో మతద్వేషమునకు మందు గూడ చెప్పబడినది. అదియే చాపకూడు. కులమెంచక అందరును ఒకే చాపపై కూర్చుండి కూడు తినుట దాని యర్థము. పూరీ జగన్నాథుని ప్రసాదమునందు అంటు లేదన్న భావముతో దీనిని పోల్చుదురు. కాని గుడిలో ప్రసాదము దేవుని సన్నిధి మహిమ. చాపకూడు మనుష్యులు పరచుకొన్న చాప మహిమ. రామబ్రహ్మమును ఆకర్షించినది ఇదియే యనుట తప్పు కాదు. ‘మాలపిల్ల’ తీసిన దర్శకునికి 12వ శతాబ్దిలో దొరకిన సాక్ష్యము చాపకూడు.

అయినను చాపకూడు యుద్ధమును ఆపలేదను సత్యమును గూడ మరువరాదు. అది ఒక పక్షములోని వారిని కలిపినది. ఎదుటి పక్షమును పిలువలేదు. తనవారిలో భేదములు లేకుండుట గొప్ప సంస్కారమే. ఎదుటివారికి చాపపై చోటు లేనపుడు ఆ ఐకమత్యము యుద్ధబలముగా మారును. బ్రహ్మనాయుని జీవితమున ఈ కొఱతను పూరించినది యుద్ధానంతరము గద్దెను నలగామునికి విడుచుట. కాని అప్పటికి బాలచంద్రుడు లేడు, కన్నమదాసు లేడు, పిలుచుటకు వీరులే లేరు.

కారెంపూడి వీరులగుడియందు నేటికిని కార్తిక అమావాస్య మొదలు అయిదు దినములు వీరుల తిరునాళ్ళు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు – ఇవి ఆ దినముల పేర్లు. ఇందు ఒక విశేషము గలదు. మంద కూలిన, లంకన్న పడిన మందపోరు దినముననే చాపకూడు జరుగును. ఎల్లల పోరులో మొదటి నెత్తురు చిందిన దినమునే అందరును కలిసి తిను దినముగా పల్నాటివారు చేసికొనిరి. దెబ్బ తగిలిన చోటనే మందు రాసినట్లు, పగ పుట్టిన దినముననే పొత్తు పెట్టిరి. ఏ పండితుడు వారికి ఈ క్రమమును నేర్పెనో తెలియదుగాని, కావ్యములును చిత్రములును చెప్పలేకపోయిన మాటను ఆ తిరునాళ్ళు చెప్పినది.

ఉపసంహారము

కావున ‘పల్నాటి యుద్ధం’ చిత్రములను మతద్వేషమునకు చిత్రపటములుగా మాత్రమే చూచుట చాలదు. మొదట దాయభాగము, పిదప మంద, పిదప మానము, తుదకు మతము – ఈ వరుసలో పగ పెరిగినది. మతము చివర వచ్చినది. కాని వచ్చిన పిదప వెనుకటి కారణములన్నిటిని మరపించి, తానే మూలకారణమైనట్లు నిలిచినది. ఎల్లల సీమలలో వసించువారు ఈ వరుసను జ్ఞాపక ముంచుకొనవలెను. తగవు భూమిదిగా నున్నపుడు, నీటిదిగా నున్నపుడు, బడిదిగా నున్నపుడే దానిని ఆ పేరుతోనే పిలిచి తీర్చుకొనవలెను. మతము పేరో, భాష పేరో దానికి పెట్టిన నాడు తీర్చువారు దొరకరు, పోరువారే దొరకుదురు.

హోసూరు, కృష్ణగిరి పొలములలో నిలిచియున్న వీరగల్లులు ఏ భాషవారివో, ఏ మతమువారివో విడదీయుట సులభము కాదు. వారు కాపాడిన మందల సంతతి పాలు అందరు త్రాగిరి. కారెంపూడి వీరులును అట్టివారే. వారిని కొలుచుట యనగా వారి పగను మోయుట కాదు. వారు పరచిన చాపను మరికొంత పెద్దదిగా పరచుట.